మతబోధకుల పనియు పరమార్థమును



ఒక మతమును బోధించుటకై తన యిల్లు విడిచి పరుల యూరికి వచ్చు మనుష్యుడు మన కృష్ణా డెల్టాకు క్రొత్త కాడు. అట్టివాడు వచ్చినపుడెల్ల రచ్చబండమీద మూడు ప్రశ్నలు పుట్టుచునే యున్నవి. ఇతడెవరు? ఎవరి సొమ్ముతో తిరుగుచున్నాడు? మన పిల్లలను ఎక్కడికి తీసికొనిపోవును? ఈ మూడును న్యాయమైన ప్రశ్నలే. అయితే ప్రశ్న అడుగుట వేరు, జవాబు వినకమునుపే తీర్పు చెప్పుట వేరు. బోధకుని చూచినంతనే కఱ్ఱ పట్టుకొనువాడును, చూచినంతనే కాళ్ళమీద పడువాడును ఒక్క పొరపాటే చేయుచున్నారు. ఇద్దరును అతడు చేయు పనిని పరీక్షింపలేదు.

నేటి ప్రసంగమునకు మోర్మన్ బోధకులను ముఖ్యోదాహరణముగా గ్రహించితిని. లూథరన్ సంఘము వారిని తెనాలి, రేపల్లె ప్రాంతముల వారెరుగుదురు. బాప్టిస్టులను, రక్షణసైన్యము వారిని బాపట్ల వారెరుగుదురు. మోర్మనులను గూర్చి మాత్రము మన గ్రామములలో తెలిసినది స్వల్పము. తెలియని వారిని చూచునపుడే మన తూకము సరియైనదో కాదో బయటపడును. మఱియు మన పిల్లలు చదువులకును ఉద్యోగములకును హైదరాబాదు, బెంగుళూరు నగరములకే కాక అమెరికాకును పోవుచున్న కాలమిది. అచ్చట వారి తలుపు తట్టువారిలో వీరును ఉందురు. కావున తెలిసికొనుట మేలు.

మొదట మన సీమ పూర్వకథను కొంచెము స్మరింతము. తెనాలినుండి రేపల్లెకు పోవు మార్గమున భట్టిప్రోలు కలదు. అచ్చటి స్తూపమును 1892 లో అలెగ్జాండరు రీ అను పురావస్తుశాఖాధికారి త్రవ్వింపగా ధాతుకరండములు బయటపడినవి. వానిపై బ్రాహ్మీ లిపిలో చెక్కిన మాటలు క్రీస్తునకు పూర్వపువి. ఆ లేఖనములలో కుబీరకుడను రాజు పేరు కలదు; కాని గోష్ఠిగా చేరిన పౌరుల ప్రస్తావనయు కలదు. ఉత్తర దేశమున పుట్టిన బౌద్ధమును ఎవరో భిక్షువులు కాలినడకను ఇచ్చటికి తెచ్చిరి. మన పూర్వులు దానిని విని, చర్చించి, కొందరు స్వీకరించిరి, కొందరు స్వీకరింపరైరి. తరువాత శైవులు వచ్చిరి, వైష్ణవులు వచ్చిరి. ప్రతి మతమును ఒకనాడు ఎవరో గడపకు తెచ్చినదే. మతమును ఖండించువారు సైతము బోధకులే. తెనాలిలో సూతాశ్రమమున కూర్చుండి పురాణములను ప్రశ్నించిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు తమ భావములను ఊరూర ప్రచారము చేసినవారే కదా! కావున బోధ అనునది నేరము కాదు. ఎట్టి బోధ, ఏ విధమైన బోధ అనునదే విచారింపవలసినది.

ఇక మోర్మనుల సంగతి. వారి సంఘము అసలు పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘము. 2018 నుండి ఆ సంఘపు పెద్దలు తమను మోర్మనులని గాక ఈ పూర్తి పేరుతోనే పిలువవలెనని కోరుచున్నారు. లోకమున మాత్రము పాత పేరే వాడుకలో నిలిచినది. ఈ సంఘమును 1830 ఏప్రిల్ 6 వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్తు అను ఇరువదినాలుగేండ్ల యువకుడు స్థాపించెను. క్రీస్తు స్థాపించిన నిజమైన సంఘము అపొస్తలుల తరువాత భూమిపై నశించినదనియు, దేవుడు తనద్వారా దానిని మరల నిలిపెననియు అతడు చెప్పెను. దేవదూత చూపిన బంగారు రేకులనుండి అనువదించితినని చెప్పి మోర్మన్ గ్రంథమును ఆ యేడే ప్రకటించెను. బైబిలుతోపాటు ఆ గ్రంథమును వారు వేదవాక్యముగా ఎంచుదురు. 1844 లో ఇల్లినాయి రాష్ట్రమున అల్లరిమూక చెరసాలపై బడి స్మిత్తును చంపెను. పిదప బ్రిగామ్ యంగ్ అను నాయకుడు అనుచరులను పశ్చిమమునకు నడిపించి 1847 లో సాల్టు లేకు లోయను చేర్చెను. ఉప్పు సరస్సు దాపున, నీరు లేని నేలపై కాలువలు త్రవ్వి వారు సేద్యము చేసిరి. కాలువ విలువ తెలిసిన మన డెల్టా రైతులకు ఆ శ్రమ యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

వారి చరిత్రలో మచ్చలును కలవు. వారిలో బహుభార్యాత్వము ఉండెడిది. ప్రభుత్వముతో చాలకాలము పోరాడి 1890 లో దానిని విడుచుచున్నట్లు ప్రకటించిరి. నల్లజాతివారికి యాజకత్వము నీయక, 1978 లో ఆ నిషేధము నెత్తివేసిరి. సంఘపు పెట్టుబడులను బహిరంగముగా చూపక మరుగుపరచినందులకు 2023 లో అమెరికా ప్రభుత్వపు వాణిజ్యపత్రముల పర్యవేక్షణ సంస్థ ఆ సంఘమునకును, దాని పెట్టుబడుల సంస్థకును కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా విధించెను. బోధకుడు తన మతపు వెలుగునే చూపును. పెద్దలైనవారు నీడను కూడ చూడవలెను. కాని ఒక్క మాట. నీడ లేని మతమును చూపుమనిన మనలో ఎవరును చూపజాలము.

వీరి బోధకుల పద్ధతి విచిత్రమైనది. ఇతర సంఘములలో బోధకులు శాస్త్రము చదివి, పట్టము పొంది, జీవితకాలము ఆ పనియందే ఉందురు. వీరిలో ఆ పని పిల్లలది. 2012 లో యువకుల కనీస వయస్సును 19 నుండి 18 కును, యువతుల వయస్సును 21 నుండి 19 కును తగ్గించిరి. యువకుడు 24 నెలలు, యువతి 18 నెలలు ఈ సేవ చేయుదురు. ఎచ్చటికి పోవలెనో తాము కోరుకొనరాదు. సంఘము ఏ దేశమునకు పొమ్మనిన ఆ దేశమునకు పోవలెను. జీతము లేదు. ఖర్చును తామో, తలిదండ్రులో, తమ ఊరి సంఘమువారో భరింతురు. ఎల్లపుడు ఇద్దరిద్దరుగా తిరుగుదురు. ఒంటరిగా ఉండరాదని నియమము. తెల్లని చొక్కా, కంఠబంధము, రొమ్ముపై పేరు చెక్కిన నల్లని బిళ్ళ యువకుల వేషము. ఉదయము గ్రంథపఠనము, పగలు గృహములు తిరుగుట, వారమున కొన్ని గంటలు ఊరివారికి చేతిసాయము. 2019 కి ముందు ఇంటివారితో టెలిఫోనున మాటలాడుటకు ఏడాదికి రెండు దినములే అనుమతి ఉండెను. ఆ యేటినుండి వారమున కొకమారు మాటలాడవచ్చునని సడలించిరి. ఇట్టివారు నేడు లోకమునందంతట 70,000 మందికి పైగా ఉన్నారు.

ఇంకొక విశేషము. ఆ పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానిని వారి సంఘమున ‘ఎల్డరు’ అని పిలుతురు. అనగా పెద్ద! తల నెరసిన మీరు పెద్దలు. మీసము మొలవని వాడును పెద్ద. విన్నంతనే నవ్వు వచ్చుట సహజము. అయితే ఆ పిలుపునందు ఒక యుక్తి కలదు. పరదేశమున, రాని భాషలో, నూరు తలుపులు తట్టి తొంబదితొమ్మిది చోట్ల కాదనిపించుకొని, మరునాడు మరల బయలుదేరుట సామాన్యమైన శిక్షణ కాదు. బోధ విన్నవారు మారినను మారకున్నను, బోధించిన కుఱ్ఱవాడు తప్పక మారును. ఇంటికి తిరిగి వచ్చునాటికి అతడు తన మతమున స్థిరపడి యుండును. ఈ సేవ పరులను చేర్చుకొనుటకు ఎంతయో, తమ పిల్లలను నిలుపుకొనుటకును అంతయే. వేదాధ్యయనమునకు గురుకులమునకు పంపిన కాలమున మన పూర్వులెరిగిన రహస్యమే యిది.

వారు బోధించున దేమి? దేవుడు తండ్రి, మనుష్యు లందరు ఆయన సంతానము, కుటుంబము మరణముతో తెగిపోక పరలోకమునను నిలుచును, దానికై బాప్తిస్మము పొంది, నియమములను పాటింపవలెను. ఆ నియమములు గట్టివి. 1833 లో స్మిత్తు విధించిన శాసనము ననుసరించి కల్లు, సారా మాత్రమే కాదు, పొగాకు, టీ, కాఫీ సైతము కూడవు. గుంటూరు సీమలో పొగాకు పండించి కాఫీతో ప్రొద్దు ప్రారంభించు మన గృహస్థునకు ఇంతకంటె కఠినమైన దీక్ష వేరొకటి యుండదు. ఆదాయమున పదవవంతు సంఘమునకీయవలెను. నెలకొకమారు రెండుపూటలు ఉపవసించి, ఆ భోజనముల విలువను బీదలకై సమర్పింపవలెను. గ్రామసంఘములను నడుపువారికి జీతము లేదు. అంగడివాడో, బడిపంతులో కొన్నియేండ్లు ఆ భారము వహించి మరల సామాన్యుడగును.

అన్నిటికంటె మనకు ఆసక్తి కలిగించునది పితరులను గూర్చిన వారి ఆచారము. తమ వంశపు పూర్వుల పేర్లను తరతరములు వెదకి, బాప్తిస్మము పొందక గతించిన వారి తరఫున జీవించియున్నవారు దేవాలయమున బాప్తిస్మము పొందుదురు. అందుకొరకు లోకమునందలి జనన మరణ దస్తావేజులను సేకరించి సాల్టు లేకు నగరమున గొప్ప భాండాగారము నెలకొల్పిరి. తర్పణము విడుచునపుడు మూడు తరముల పేర్లు తలచు మనకు ఈ భావము పూర్తిగా పరాయిది కాదు. అయితే భేదమును మరువరాదు. మనము పితరులను వారి మతముననే తృప్తిపరతుము. వీరు పితరులకు తమ మతము నందింతురు. ఆ ఆత్మ దానిని అంగీకరించుటకును, నిరాకరించుటకును స్వేచ్ఛ కలదని వారు చెప్పుదురు. అయినను జర్మనీలో హిట్లరు కాలమున హతులైన యూదుల పేర్లతో ఇట్లు చేయుట వారి బంధువులకు మనఃక్లేశము కలిగించెను. 1995 లో సంఘము అట్లు చేయుట మానుదునని యూదుల ప్రతినిధులతో ఒడంబడిక చేసికొన్నది. మృతుని విషయమునందే అనుమతి ప్రశ్న ఇంతదూరము పోయిన, జీవించియున్న మనుష్యుని అనుమతి యెంత ముఖ్యమో ఊహింపుడు.

ఈ బోధకులు మన దేశమునకు వచ్చుట క్రొత్త గాదు. 1851 లోనే వారిలో ఒకడు కలకత్తాలో బోధించెను. 1853 లో రిచర్డు బాలంటైన్ మొదలగువారు చెన్నపట్టణమున దిగిరి. అచ్చట ఒక చిన్న పత్రికయు నడిపిరి. అపుడు మన గుంటూరు సీమ ఆ చెన్నపురి రాజధానిలోనిదే. కాని వారి మాట చాలవరకు తెల్లవారి దండులను, దొరల బంగళాలను దాటలేదు. దేశభాషలు రావు, ఇచ్చటి వారిలో తమవారు లేరు. 1856 నాటికి వచ్చినవారందరు తిరిగిపోయిరి. ఆ ప్రయత్నమున మిగిలినది దాదాపు శూన్యము.

నూట ఇరువదియేండ్ల తరువాత కథ మరియొక విధముగా జరిగెను. హైదరాబాదు వాస్తవ్యులైన ఎడ్విన్ ధర్మరాజుగారు కీటకశాస్త్రజ్ఞులు. ఉద్యోగరీత్యా పసిఫిక్ మహాసముద్రములోని సమోవా ద్వీపమున నుండగా, భార్య ఎల్సీగారితో గూడ ఆ సంఘమున చేరిరి. 1978 డిసెంబరులో ఆ దంపతులు సంఘమువారి పంపున హైదరాబాదునకు వచ్చి తమ బంధువులకు బోధింపగా, కొలది దినములలోనే 22 మంది బాప్తిస్మము పొందిరి. 1982 లో మోర్మన్ గ్రంథమునుండి కొన్ని భాగములు తెలుగున వెలువడినవి. 1993 లో బెంగుళూరు కేంద్రముగా వారి మిషను ఏర్పడెను. 2012 లో హైదరాబాదున ఏర్పడిన ‘స్టేకు’ అను సంఘసముదాయము భారతదేశమునం దెల్ల మొదటిది. 2018 లో బెంగుళూరున దేవాలయము కట్టుదుమని ప్రకటించిరి. దొరలు ఐదేండ్లు తిరిగి సాధింపజాలని దానిని ఒక తెలుగు దంపతులు ఒక్క పండుగ నెలలో సాధించిరి. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత మతమునకును వర్తించును.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. ఆ 22 మందిని వారు అన్యమతమునుండి తేలేదు; ఆ కుటుంబము అంతకు పూర్వమే క్రైస్తవము నెరిగినది. మోర్మనులు క్రైస్తవులకును బోధింతురు. ఇతర క్రైస్తవ సంఘములందు లేని సంపూర్ణత తమయందు కలదందురు. లూథరనులు, బాప్టిస్టులు మొదలగువారు మోర్మనుల బాప్తిస్మము నంగీకరింపరు. త్రిత్వమును గూర్చిన వారి బోధ క్రైస్తవ సంప్రదాయమునకు విరుద్ధ మందురు. కావున బోధకుడు వచ్చినపుడు కలవరము హిందువుల యింటనే పుట్టుననుట సరికాదు. రేపల్లె చర్చి గడపయందును అదే కలవరము పుట్టవచ్చును. తన గొఱ్ఱెలను ఇంకొకడు పిలుచుట ఏ కాపరికిని ఇష్టము కాదు.

ఇంతవరకు పని. ఇక పరమార్థము. మతబోధకుని ఉద్దేశము ఆత్మోద్ధరణమని అతడు చెప్పును. తలలు లెక్కించుటయని శత్రువు చెప్పును. మనసులోని మాట మనము చూడలేము. కాని మన చుట్టుప్రక్కల జరిగిన కార్యములనుండి ఒక కొలబద్ద తయారు చేసికొనవచ్చును.

1842 లో ఫాదర్ హయ్యరు అను అమెరికా లూథరన్ బోధకుడు గుంటూరు చేరెను. ఆ మిషను పిదప పల్నాటికిని, తెనాలి, రేపల్లె ప్రాంతములకును వ్యాపించెను. 1883 లో అన్నా కుగ్లర్ అను వైద్యురాలు గుంటూరు వచ్చి, స్త్రీలను పురుషవైద్యులకు చూపని కాలమున వారికి చికిత్స చేసి, 1898 లో ఆసుపత్రి స్థాపించి, 1930 లో మరణించువరకు ఆ పనిలోనే యుండెను. ఆమె చేతిలో పురుడు పోసికొన్న స్త్రీలందరు క్రైస్తవులు కాలేదు. కావలెనని ఆమె తలుపు మూయలేదు.

ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము ఒంగోలుది. 1876 నుండి 1878 వరకు గొప్ప కరవు దేశమును పీల్చివేసెను. బాప్టిస్టు బోధకుడు క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని కరవువారికి కూలి కల్పించెను. మన బాపట్ల మీదుగా పోవు కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద కలియునది ఆ కాలువతోనే. ఆకలిగొన్నవారు వేలకొలది వచ్చి బాప్తిస్మ మిమ్మని యడిగిరి. తలలు లెక్కించుకొను బోధకుడైనచో అంతకు మించిన అదను దొరకదు. ఆయన నిరాకరించెను. అన్నముకొరకు వచ్చినవాడు అన్నమే తీసికొనిపోవలెనని, కరవు సాయము జరిగినన్నాళ్ళు ఎవరిని చేర్చుకొనలేదు. సాయము నిలిచిపోయి, ఇక ఇచ్చుటకేమియు లేదని చెప్పిన పిమ్మటను వారు వచ్చిరి. 1878 జూలై 3 వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతమంది వచ్చుటకు దొర వాక్చాతుర్యమే కారణము కాదు. తాళ్ళకొండపాటి తోళ్ళవర్తకుడు యెర్రగుంట్ల పేరయ్య క్లౌ దొర ఒంగోలు చేరకమునుపే క్రైస్తవబోధ విని, తన మాదిగ బంధువుల మధ్య ఊరూర తిరిగి మాట చేరవేసియుండెను. బావినీరు తోడనీయని గ్రామమునుండి, గుడి గడప తొక్కనీయని సమాజమునుండి వారు కదలిరి. బోధకుడు పిలిచెనా, మనము వెడలగొట్టితిమా అని పెద్దలు తమలో తాము విచారించుకొనవలసిన ఘట్టమిది.

దీనికి ప్రక్కన వేరొక ఉదాహరణము నుంచెదను. రక్షణసైన్యమును ఈ దేశమునకు 1882 లో తెచ్చిన ఫ్రెడరిక్ టక్కరు సివిలు సర్వీసు ఉద్యోగమును వదలి, కాషాయము ధరించి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకొన్నవాడు. త్యాగమునందు లోపము లేదు. కాని ఆ సైన్యమే 1913 ప్రాంతమున బాపట్లకు సమీపమున స్టువర్టుపురము సెటిల్మెంటు నిర్వహణమును ప్రభుత్వమునుండి స్వీకరించెను. ఎరుకలవారిని జాతి యంతయు నేరస్థులని ముద్రవేసిన చట్టమును ప్రయోగించి వారిని అచ్చట నిలిపిరి. బడి, వైద్యము, భూమి, పని అందెను. కాని అనుమతి లేక పొలిమేర దాటరాదు. హాజరు పలుకవలెను. తలుపు వెలుపల తాళము వేసి లోపల బోధించునపుడు, విన్నవాడు నమ్మెనో లొంగెనో ఎవరు చెప్పగలరు? ఆ చట్టము మద్రాసు రాజధానిలో 1947 లోను, దేశమంతట 1952 లోను రద్దయ్యెను. ఊరికంటిన అపవాదు అంతలో పోలేదు. తరువాత 1970 లలో హేమలతా లవణంగారు, లవణంగారు ఏ మతమును చెప్పక, మనుష్యులమని మాత్రము చెప్పి, ఆ గ్రామమున సంస్కరణకు పూనుకొనిరి. బోధ లేని సేవయు కలదని మనకు దానివలన తెలిసెను.

1977 నవంబరు 19 వ తేదీ నాటి ఉప్పెనను మీలో పలువురు మరువలేదు. దివిసీమను, రేపల్లె బాపట్ల తీరములను సముద్రము ముంచెను. బాపట్లలో చర్చియందు తలదాచుకొన్నవారు సుమారు నూరుగురు ఆ కట్టడము కూలి మృతినొందిరి. ఆ దినములలో శవములను మోసినవారిలో రామకృష్ణ మఠమువారు కలరు, రాష్ట్రీయ స్వయంసేవకులు కలరు, క్రైస్తవసంఘముల వారు కలరు. శవమును మోసినవాడు దాని మతమడుగలేదు. సేవకు అదియే గీటురాయి.

ఈ ఉదాహరణములనుండి ఏర్పడు కొలబద్ద యిది. బోధకుడు చేయు సాయము, వినని వానికిని అందుచున్నదా? విన్నవానికి కాదనుటకు స్వేచ్ఛ కలదా? చేరినవాడు తన తల్లిని, తోబుట్టువును మునుపటివలెనే ప్రేమింపవచ్చునా? ఈ మూటికిని అవునని జవాబు వచ్చినచో ఆ బోధకుడు ఏ మతమువాడైనను అతిథియే. ఒక్కదానికి కాదని వచ్చినను, మన మతమువాడే యైనను, జాగ్రత పడవలసినదే. మోర్మను కుఱ్ఱవాని చేతిలో అధికారము లేదు, తాళము లేదు. అతని చేతిలోనిది ఒక పుస్తకము మాత్రమే. అతనిని కాదనుట సులభము. అందుచేతనే అతనిని మర్యాదతో కాదనుటయు సులభమే.

ఇక చట్టమేమి చెప్పుచున్నది? మన రాజ్యాంగము 25 వ అధికరణమున మతమును అవలంబించుటకును, ప్రచారము చేయుటకును హక్కు నిచ్చినది. 1977 లో సుప్రీంకోర్టు, ప్రచారహక్కు అనగా తన మతతత్త్వమును తెలుపు హక్కేగాని ఇంకొకనిని మార్చు హక్కు కాదని తీర్పు చెప్పెను. విదేశీయుడు విహారయాత్రకని అనుమతి పొంది వచ్చి మతబోధ చేయరాదు.

మతము మారదలచిన వానికిని పెద్దలు కొన్ని సంగతులు ముందుగా తెలియజేయవలెను. దీనిని బెదిరింపుగా గాక హితవుగా చెప్పవలెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి, మతము మారినంతమాత్రమున అతని వారసత్వము పోదు. కాని మారిన తరువాత పుట్టిన బిడ్డలు, వారసత్వము తెరచుకొను నాటికి హిందువులు కానిచో, హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాజాలరు. భార్యాభర్తలలో ఒకరు మారినచో రెండవవారికి విడాకులు కోరు హక్కు కలుగును. షెడ్యూల్డు కులములవారు క్రైస్తవము స్వీకరించినచో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి ఆ కులముల సౌకర్యములు వారికి వర్తింపవు. 1956 లో సిక్కులకును, 1990 లో బౌద్ధులకును ఆ ఉత్తరువు సవరింపబడినది, క్రైస్తవులకు సవరింపబడలేదు. ఆంధ్రప్రదేశమున వారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా నెంచి 1 శాతము మాత్రమే కేటాయించిరి. ఈ కారణమున కాగితముమీద ఒక మతము, ఆదివారమున ఒక మతముగా బ్రతుకు కుటుంబములు మన సీమలో పెక్కు కలవు. వారిని కపటులని నిందించుట సులభము. తాతలనాటి అంటరానితనము మతము మారినను వెంట వచ్చుచుండగా, సౌకర్యము మాత్రము వెనుక నిలిచిపోవుట వారి కష్టము. ఆ కష్టమును తీర్చునది వాదము కాదు, న్యాయము.

గ్రామపెద్దలారా, మీ యింటి గడపకు ఇద్దరు కుఱ్ఱవారు వచ్చి తమ దేవుని గూర్చి చెప్పుదుమనిన మీరేమి చేయవలెను? దాహమునకు మంచినీళ్ళిండు, కాఫీ వారు త్రాగరు. ఇష్టమున్న వినుడు, లేకున్న నమస్కరించి పంపుడు. మైనరు బిడ్డలతో తలిదండ్రుల యెదుటగాని మాటలాడవలదని నిర్భయముగా చెప్పుడు. ఎవరు పంపిరి, ఎవరు ఖర్చు పెట్టుదురు అని అడుగుడు. నిజమైన బోధకునకు ఆ ప్రశ్నలు బాధ కలిగింపవు. పుస్తకమిచ్చినచో చదివి చూడుడు. చదివినంత మాత్రమున మతము పోవునట్లయిన, ఆ మతము మీయందు లోతుగా లేదనియే అర్థము. కాని వారిపై చేయి చేసికొనుట, సైకిలు విరుగగొట్టుట, విన్నవానిని వెలివేయుట మీకు తగదు. పరదేశపు తల్లి తన బిడ్డను రెండేండ్లు మన ధర్మబుద్ధిని నమ్మి పంపినది. మన బిడ్డలను ఆమె దేశమునకు మనమును అట్లే పంపుచున్నాము.

మఱియు మీ యింటివాడే ఒకడు మారెననుకొందము. అతడు కన్నబిడ్డ కాకపోడు. పండుగకు రానిండు, తల్లి మరణించినపుడు పాడె పట్టనిండు. మతము మారినవాని చేతినుండి తలకొరివి తొలగింపవలెనా అను తగవు పెక్కు గ్రామములలో పుట్టుచున్నది. ఆ తగవును తీర్చవలసినవారు చట్టము చదివిన ప్లీడర్లు కారు, మీరే. అతడు తన విశ్వాసమును అనుసరించి ప్రార్థించునుగాక. ఇతరులు తమ ఆచారము ననుసరించి కర్మ నడుపుదురుగాక. ఒక శవమునకు రెండు ప్రార్థనలు బరువు కావు. ఇంటిలో రెండు మతములున్న ఇల్లు నిలుచును. మాటలు లేని ఇల్లు నిలువదు.

భట్టిప్రోలు కరండములు చేయించిన గోష్ఠివారు మన పూర్వులు. వారు క్రొత్త మాటను కూర్చుండి విన్నవారు. విని ఒప్పుకొనుటయు, విని కాదనుటయు రెండును గౌరవమైన పనులే. వినకుండ కొట్టుట మాత్రము వారినుండి మనకు వచ్చిన ఆస్తి కాదు. ఆ గోష్ఠి పద్ధతిని మీ గ్రామముల రచ్చబండలపై నిలుపుకొనుడని ప్రార్థించుచు ఈ ప్రసంగమును ముగించుచున్నాను.